స్వస్థత రాకపోతే విశ్వాసం లేనట్టేనా?

కనిగిరి వైపు ఒక పల్లె నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. అందులోని విషయం ఇది.

ఆమెకు 34 ఏళ్ళు. భర్త బేల్దారి మేస్త్రి. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి ఊళ్ళలో చాలామందిలాగే ఆయనా బెంగళూరులో పని చేసుకుంటూ పండక్కో పెళ్ళికో ఇంటికొచ్చే మనిషి. రెండేళ్ళ కిందట కాళ్ళవాపుతో, ఆయాసంతో వచ్చేశారు. ఒంగోలులో పరీక్షలు చేస్తే రెండు కిడ్నీలూ పాడయ్యాయని తేలింది. ఏడాదిగా వారానికి మూడుసార్లు డయాలసిస్. పాప పదో తరగతి, బాబు ఆరు. ఆమె బట్టలు కుట్టి, కూలికి పోయి ఇల్లు నడుపుతున్నారు. బయట మూడు లక్షల దాకా అప్పు ఉంది.

ఆమె పుట్టింటివాళ్ళు బాప్టిస్టు సంఘంవాళ్ళు. అత్తింటివాళ్ళు మాలకొండ నరసింహస్వామిని కొలుస్తారు. రెండు వైపులా బంధువులే కాబట్టి ఇన్నేళ్ళూ దీని మీద గొడవ రాలేదు. జబ్బు వచ్చాక వచ్చింది. "ఇంటిదేవుణ్ణి వదిలేసినందుకే నా కొడుక్కి ఈ గతి" అంటూ అత్తగారు ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టారు. ఇంకోపక్క, బంధువు ఒకరు ఈమెను ఒక స్వస్థత కూటానికి తీసుకెళ్ళారు. అక్కడి బోధకుడు ముడుపు సంగతి విని "ఇంట్లో అది ఉండగా స్వస్థత ఎలా వస్తుంది? నీది అరకొర విశ్వాసం" అన్నారు. 21 రోజులు ఉపవాస ప్రార్థన చేయమన్నారు. సూదులు, మందులు ఆపి దేవుణ్ణి పూర్తిగా నమ్మమన్నారు. 50,000 కానుక ఇస్తే అది విత్తనమై పండుతుందన్నారు. ఆ మాట పట్టుకుని రెండు డయాలసిస్‌లు మానేస్తే, అర్ధరాత్రి ఆయనకు ఊపిరి ఆడలేదు. 108లో ఒంగోలుకు తీసుకెళ్ళి బతికించుకున్నారు. తర్వాత ఆ బోధకుడు అన్న మాట: "చివరి నిమిషంలో భయపడ్డావు, అద్భుతం ఆగిపోయింది."

అప్పటి నుంచీ ఆమెకు ప్రార్థన రావడం లేదు. మోకాళ్ళ మీద కూర్చుంటే మాట పెగలదు. మందిరంలో ఎవరైనా సాక్ష్యం చెబితే స్తోత్రం అనాల్సిన చోట కుళ్ళు వస్తోందని రాశారు. "ఒక్కోసారి పడుకున్నదాన్ని లేవకపోతే బాగుండు అనిపిస్తుంది" అని కూడా. చివర్లో నాలుగు ప్రశ్నలు. నా విశ్వాసం చాలకనే ఇలా అయిందా? ముడుపు తీసి పారేయాలా? గొలుసు అమ్మి కానుక ఇవ్వాలా? ఈసారి భయపడకుండా మందులు ఆపి చూడాలా?

అమ్మా, మీరు చివర అడిగినదానికి ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే మిగతావి ఆగుతాయి, అది ఆగదు. డయాలసిస్ ఒక్కటి కూడా మానొద్దు. ఇందులో రెండు దారులు లేవు. కిడ్నీలు చేయాల్సిన పనిని ఆ మిషను వారానికి మూడుసార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు చేస్తోంది. మానేస్తే తాగిన నీళ్ళు బయటికి పోయే దారి లేక ఊపిరితిత్తుల్లో చేరతాయి. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. ఆ రాత్రి మీ ఆయనకు ఆయాసం వచ్చింది మీరు భయపడినందుకు కాదు, రెండుసార్లు మానేసినందుకు. మీరు భయపడి 108కు ఫోన్ చేశారు కాబట్టి ఈరోజు ఆయన ఇంట్లో ఉన్నారు. అద్భుతం ఆగిపోయిందని అన్న మనిషి ఆ రాత్రి మీ ఇంట్లో లేడు.

ప్రార్థన చేసిన నూనె రాస్తామంటే రాయించుకోండి, నష్టం లేదు. చేతులుంచి ప్రార్థిస్తామంటే ఉంచనీయండి. కానీ ఉపవాసం, ఉపవాసం విడిచాక పళ్ళరసం, చూడటానికి వచ్చినవాళ్ళు ప్రేమగా తెచ్చే కొబ్బరినీళ్ళు, వీటి దగ్గర జాగ్రత్త. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. డయాలసిస్ మనిషికి అది బలం చేయదు, ప్రమాదం చేస్తుంది. ఆయన పేరున ఉపవాసం ఉండాలనిపిస్తే అది మీ ఒంటితో ఉండండి, అదీ మీ ఆరోగ్యం సహకరిస్తేనే.

ఇక విశ్వాసం చాలలేదా అన్న ప్రశ్న. మీరు చిన్నప్పటి నుంచి వాక్యం విన్న మనిషి, యోహాను సువార్తలో పుట్టుగుడ్డివాడి కథ మీకు తెలుసు. వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడుగుతారు. వీడూ కాదు, వీడి తల్లిదండ్రులూ కాదు అంటాడు యేసు. జబ్బు కనపడగానే తప్పెవరిదని వెతకడం ఆ రోజుల్లోనే ఉందన్నమాట. మీ ఇంట్లో ఆ వెతుకులాట రెండు వైపుల నుంచీ జరుగుతోంది. అత్తగారు మీ చర్చిని అంటున్నారు, బోధకుడు అత్తగారి ముడుపును అంటున్నారు. ఇద్దరి వేళ్ళూ చూపిస్తున్నది మిమ్మల్నే.

వారానికి మూడుసార్లు డయాలసిస్ వార్డు బయట కూర్చుంటున్నారు కదా, లోపల పక్క మంచాల మీద ఎవరున్నారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. శనివారం శనివారం మాలకొండ ఎక్కేవాళ్ళు ఉంటారు, ఆదివారం మందిరానికి పోయేవాళ్ళు ఉంటారు, దర్గాలో చదివింపులు చేసేవాళ్ళూ ఉంటారు. ఇంటిదేవుడి కోపమే కారణమైతే ఆ దేవుణ్ణే కొలిచేవాళ్ళు అక్కడ ఎందుకున్నారు? ముడుపే అడ్డమైతే ఏ ముడుపూ కట్టని క్రైస్తవులు ఎందుకున్నారు? కిడ్నీలు పాడవడానికి డాక్టర్లు చెప్పే కారణాలు వేరు. ఏళ్ళ తరబడి తెలియకుండా ఉన్న బీపీ, షుగరు, ఒళ్ళునొప్పులకు డాక్టరుకు చూపించకుండా వేసుకునే నొప్పి మాత్రలు. రోజంతా ఎండలో ఇటుకలు మోసేవాళ్ళు రాత్రికి మాత్ర వేసుకుని పడుకోవడం బేల్దారి కుటుంబాల్లో అందరికీ తెలిసిందే. మీ ఆయనకు ఏది కారణమో నేను చెప్పలేను, చూస్తున్న డాక్టరును అడగండి. మీ ప్రార్థన కొలత తక్కువైందని మాత్రం ఏ రిపోర్టులోనూ ఉండదు.

కానుక సంగతికి వద్దాం. దానికి ముందు మీ సంఘం పుట్టిన కథలో ఒక ముక్క చెప్పాలి, మీరు విని ఉంటారు కూడా. 1876-78లో ఈ ప్రాంతమంతా ధాత కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర అప్పుడు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి దొరకాలని. విడిది ఏర్పాటు చేసి, మట్టి తవ్వినవాళ్ళకు డబ్బులిచ్చి బతికించాడు. పని మధ్యలో అలసిన కూలీల దగ్గర కూర్చుని బోధకులు చెప్పిన వాక్యం, భారం మోస్తున్నవాళ్ళందరూ నా దగ్గరికి రండి, విశ్రాంతి ఇస్తాను అన్నది. ఆ రోజుల్లో వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు పని అయిపోయేదాకా ఆపాడు. సాయం ఆగిపోయాక కూడా వాళ్ళు తిరిగి వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ కథను సాధారణంగా ఆ అంకె కోసం చెప్తుంటారు. నాకు దానికంటే ముందు జరిగింది ముఖ్యం. కష్టంలో ఉన్నవాడి దగ్గర దేవుడి పేరు మీద ఏదీ పుచ్చుకోకూడదని, చివరికి వాడి నమ్మకాన్ని కూడా ఆ సమయంలో పుచ్చుకోకూడదని ఆయన అనుకున్నాడు. మీ దగ్గర అడుగుతున్నది 50,000. అదీ స్వస్థతకు ముందే. మరోమాట, ఒంగోలులో ఆ దొర పేరు మీదే మిషను ఆసుపత్రి కట్టారు, నెల్లూరులోనూ బాప్టిస్టు మిషనువాళ్ళే ఆసుపత్రి పెట్టారు. సువార్త తెచ్చినవాళ్ళే సూదిమందునూ తెచ్చారు. మందు వేసుకోవడం అవిశ్వాసమైతే ముందు తప్పుపట్టాల్సింది వాళ్ళని.

గొలుసు అమ్మి మొత్తం ఇస్తే ఏమవుతుందో చూద్దాం. స్వస్థత రాకపోతే ఇంకో లోపం వెతుకుతారు, అది ఇప్పటికే ఒకసారి జరిగింది. అప్పు మూడు లక్షలు అలాగే ఉంటుంది, రేపు అవసరానికి తాకట్టు పెట్టడానికి గొలుసు ఉండదు. కొంచెం ఇచ్చి మిగతాది తర్వాత అంటే ఆ మిగతా కోసం అడుగుతూనే ఉంటారు, మీకు ఎప్పుడూ బాకీ ఉన్నట్టే అనిపిస్తుంది. అసలు ఇవ్వకపోతే కొన్నాళ్ళు భయం పీడిస్తుంది, ఆ రాత్రుళ్ళు కష్టంగానే ఉంటాయి, కానీ గొలుసు మెడలో ఉంటుంది. ఇవ్వాలనే మనసుంటే మీ సంఘంలో ఎప్పటిలాగే పది రూపాయలు వేయండి. బోధకుడికి ఏం చెప్పాలో తెలియక ఇబ్బందిగా ఉంటే, "అయ్యగారూ, ఆసుపత్రికి పోగా మా దగ్గర లేదు" అనండి, చాలు. అది అబద్ధం కూడా కాదు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం. ఎన్టీఆర్ వైద్యసేవ కింద డయాలసిస్ ఉచితం, అది మీకు అందుతూనే ఉండాలి. దాంతోపాటు డయాలసిస్ చేయించుకునేవాళ్ళకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 10,000 పింఛను ఉంది. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. రాకపోతుంటే ఆసుపత్రి కాగితాలు, ఆధార్, రేషన్ కార్డు పట్టుకుని మీ ఊరి సచివాలయానికి వెళ్ళి అడగండి. అప్పుల్లో ఏది ఎక్కువ వడ్డీదో చూసి ముందు దాన్ని తీర్చడానికి, గొలుసును బ్యాంకులో పెట్టుకోవడం మేలేమో లెక్క వేసుకోండి. మీ గొలుసుకు పని ఉంటే ఇలాంటిదే ఉండాలి.

ముడుపు విషయంలో మీరు రెండు రకాలుగా చేయొచ్చు. తీసి పారేస్తే ఆ బోధకుడు మెచ్చుకుంటారు, అత్తగారితో మాటలు ఆగిపోతాయి. మీరు ఒంగోలు వెళ్ళిన రోజున పిల్లలకు అన్నం పెట్టేది ఆమే అని మీరే రాశారు. ఇక అలాగే ఉంచితే మీ మనసులో కొంత గిల్టీగా ఉండొచ్చు. కానీ ఆ ముడుపు కట్టింది మీరు కాదు. ఒక తల్లి తన కొడుకు కోసం తనకు తెలిసిన దేవుణ్ణి అడిగింది. మీరు మోకాళ్ళ మీద అడిగినదీ అదే మనిషి కోసం. దాన్ని మీరు మొక్కనక్కర్లేదు, తీయనూ అక్కర్లేదు. నాకైతే ఉంచడమే మంచిదనిపిస్తోంది. అత్తగారు మళ్ళీ ఆ మాట అన్నప్పుడు చర్చి గురించి వాదించకండి, వాదనలో మీరు గెలిచినా ఇంట్లో ఓడిపోతారు. "అత్తా, మీరు మీ స్వామికి మొక్కుకోండి, నేను నా దేవుణ్ణి అడుగుతాను, తప్పు నాదని మాత్రం అనొద్దు, తట్టుకోలేకపోతున్నాను" అని ఒక్కసారి చెప్పి చూడండి. కొడుకు జబ్బు ఆమెనూ తినేస్తోంది. మెత్తబడొచ్చు. మెత్తబడకపోయినా మీరు చెప్పాల్సింది చెప్పినట్టవుతుంది.

ఇప్పుడు అసలైన బాధ. ప్రార్థన రావడం లేదన్నారు. కీర్తనల గ్రంథంలో 88వ కీర్తన తీసి చదవండి. తక్కిన విలాప కీర్తనలు చాలావరకు ఎంత ఏడ్చినా చివర్లో ఎక్కడో ఒక స్తుతి మాట దగ్గరికి వచ్చి ఆగుతాయి. ఇది ఆగదు. నన్నెందుకు విడిచిపెట్టావు, నీ ముఖం నాకెందుకు చాటు చేస్తున్నావు అని అడిగి అడిగి చీకటి అన్న మాటతోనే అయిపోతుంది. ఓదార్పు లేదు, సాక్ష్యం లేదు. అయినా దాన్ని ఎవరూ తీసేయలేదు, కీర్తనల మధ్యలోనే ఉంచారు. దేవుడితో ఆ భాషలో మాట్లాడటం కూడా ప్రార్థన కిందే లెక్క. మీకు మాట రాని రోజున ఆ కీర్తన మీ బదులు మాట్లాడుతుంది. కోపం ఉంటే కోపమే చెప్పండి. దేవుడే లేడని అనుకున్న మనిషి దేవుడి మీద కోపగించుకోదు.

సాక్ష్యాలు విని కుళ్ళు వస్తోందన్నారు. వస్తుంది మరి. మీ మంచం మీద మనిషి అలాగే ఉండగా పక్కింటాయనకు నయమైందంటే చప్పట్లు కొట్టడానికి చేతులు రావు. పౌలు తన శరీరంలోని ముల్లును తీసేయమని మూడుసార్లు వేడుకున్నానని రాసుకున్నాడు. తీసేయలేదు, నా కృప నీకు చాలు అన్న జవాబు వచ్చింది. అంత విశ్వాసం ఉన్న మనిషికే ఆ జవాబు వచ్చినప్పుడు, స్వస్థత రాని ప్రతి ఇంట్లో విశ్వాసం తక్కువని తీర్పు చెప్పడం ఎవరికీ తగదు. మందిరాల్లో నయమైనవాళ్ళనే నిలబెట్టి మాట్లాడిస్తారు, నయం కాకపోయినా రోజులు నెట్టుకొస్తున్నవాళ్ళను పిలవరు. ఇది నాకు ఎప్పుడూ లోటుగానే అనిపిస్తుంది.

ఇన్నాళ్ళూ మీరు ఆశ అంటే ఒక్కటే అనుకున్నారు: కిడ్నీలు మళ్ళీ పనిచేయడం. అది జరగని ప్రతి వారం ఆశ పోయినట్టే లెక్కపెట్టుకున్నారు. నమ్మకాన్ని ఆ ఒక్క ఫలితానికి కట్టేయకండి. ఆయన ఈ వారం ఆయాసం లేకుండా పడుకున్నారా, బాబుతో కాసేపు మాట్లాడారా, పాప పరీక్షల నాటికి ఇంట్లో కాస్త నెమ్మది ఉంటుందా, వీటి కోసం అడగండి. చిన్నవే, కానీ జరిగేవి. పెద్దదాన్ని అడగడం మానమని అనడం లేదు.

ఎక్కడ ప్రార్థించాలన్నది మీ ఇష్టం. ఆ కూటానికి వెళ్తూనే ఉంటే మందులు ఆపమన్న ఒత్తిడి మళ్ళీ వస్తుంది, దాన్ని తట్టుకోగలరో లేదో మీకే తెలుసు. కొన్నాళ్ళు ఎక్కడికీ వెళ్ళకుండా ఉంటే బుర్ర తేలికపడుతుంది, ఒంటరితనం మాత్రం పెరుగుతుంది. మీ పుట్టింటి సంఘానికి మళ్ళీ వెళ్తే "ఇన్నాళ్ళు ఎక్కడికి పోయావు" అనేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు, స్త్రీల సమాజంలో అన్నం క్యారేజీ పట్టుకుని ఆసుపత్రికి వచ్చేవాళ్ళూ ఉంటారు. మీకు ఇప్పుడు ఎవరు ఎక్కువ అవసరమో ఆలోచించండి.

ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు ఒక సంగతి తట్టింది. బోధకుడి మాటలున్నాయి, అత్తగారి మాటలున్నాయి, మీ ఆయన మాట ఒక్కటి కూడా లేదు. ఆయనకు ఏ దేవుడి మీద నమ్మకముంది? ఆ రెండు రోజులు డయాలసిస్ మానేయడానికి మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారా, మిమ్మల్ని బాధపెట్టలేక ఊరుకున్నారా? అడగండి. ఒళ్ళు ఆయనది. కిడ్నీ మార్పిడి గురించి ఆయన ఏమనుకుంటున్నారో కూడా తెలుసుకోండి. 1994 నాటి చట్టం ప్రకారం తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్య, పెద్దవాళ్ళయిన పిల్లలు కిడ్నీ ఇవ్వొచ్చు. అలా ఇచ్చేవాళ్ళు లేకపోతే చనిపోయినవారి అవయవాల కోసం జీవన్‌దాన్ అనే ప్రభుత్వ పథకంలో పేరు నమోదు చేయించుకోవచ్చు, ఆసుపత్రివాళ్ళే దారి చెప్తారు. అందరికీ కుదరదు, కుదిరినా జీవితాంతం మందులు వాడాలి. మీరే ఇవ్వాలని ఎవరైనా ఒత్తిడి చేస్తే, ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఆ నిర్ణయం తొందరపడి తీసుకునేది కాదని చెప్పండి.

లేవకపోతే బాగుండు అన్న మాటను నేను దాటవేయను. అది విశ్వాసంలో లోపం కాదు, రెండేళ్ళుగా నిద్ర, తిండి సరిగా లేని మనిషి అలసట. కానీ ఆ ఆలోచన తరచుగా వస్తున్నా, ఏదైనా చేసుకోవాలనిపించినా ఒక్కదానివే ఉండొద్దు. 14416కు ఫోన్ చేయండి. టెలీమానస్ అంటారు, ఉచితం, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు. తర్వాతిసారి ఒంగోలు వెళ్ళినప్పుడు ఆయన మిషను మీద ఉన్న ఆ నాలుగు గంటల్లో మీరూ ఒక డాక్టరుకు చూపించుకోండి.

పాపను బడి మాన్పించి మిషను కుట్టుకు పెట్టాలేమో అని చివర్లో ఒక వాక్యం రాసి కొట్టేశారు. కొట్టేసినా కనపడింది. మాన్పించకండి. ఆ సంపాదన మీ అప్పులో వడ్డీకి కూడా చాలదు. టీచరును కలిసి ఇంటి పరిస్థితి చెప్పండి, హాజరు తగ్గినా కొంచెం చూసుకోమని అడగండి. నాన్న జబ్బు సంగతి పాపకు ఎంత తెలుసో కనుక్కుని, తెలియనిది మీరే చెప్పండి. గోడ చాటు నుంచి విన్న మాటలతో తనే ఏదో ఊహించుకునే వయసు అది.